చిన్నోడి నకరాలు, పెద్దపులి నకరాలు

మా సందులోకి రోజూ పొద్దున ఎనిమిదింటికి కూరగాయల బండి వస్తుంది. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కు వైపు పోయే సందుల్లో మాదొకటి. ఆ బండి దగ్గర మా ఇంటావిడ బెండకాయలు ఏరే తీరు మీరు చూడాలి. ఒక్కో కాయ తీస్తుంది, కొస పట్టుకుంటుంది, విరుస్తుంది. పుటుక్కుమంటే బుట్టలోకి, వంగితే పక్కకి. పది కాయలు విరిచేసరికి బండివాడి ప్రాణం విలవిలలాడుతుంది. "అమ్మా, నఖ్రే నక్కో కరో, చాంట్నా నక్కో" అని మొత్తుకుంటాడు. నకరాలు చెయ్యకమ్మా, ఏరకమ్మా అని. ఈవిడ వింటేనా! "నకరాలు కావయ్యా, నార" అంటుంది.

ఆవిడ చెప్పిందీ నిజమే. బెండకాయ ముదిరేకొద్దీ లోపల నార గట్టిపడుతుంది. లేతకాయలో నీళ్లెక్కువ, నార తక్కువ, అందుకే అంత తేలిగ్గా విరుగుతుంది. ముదురు కాయ కొస తాడులా వంగుతుంది గాని తెగదు. ప్రయోగశాల లేదు, పరికరం లేదు, రెండు వేళ్లతో పరీక్ష అయిపోయింది. కాకపోతే ఆ పరీక్షలో ఓడిపోయిన కాయలన్నీ కొసలు నలిగి బండివాడికి మిగులుతాయి. వాడి బాధ వాడిది.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంకో నకరాల గొడవ. మా మనవడు చిన్నోడికి ఐదేళ్లు. పళ్లెంలో కాకరకాయ వేపుడు చూడగానే మూతి ముడిచాడు. వాళ్లమ్మ ఒక ముక్క నోటికి అందించబోతే పెదాలు బిగబట్టి తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి ఖాలా గిన్నె తిరిగిచ్చేందుకు వచ్చి, "క్యా నఖ్రే కర్‌రా రే ఛోటే!" అని నవ్వింది. కోడలు విసుక్కుని "నకరాలు చెయ్యకురా, తిను" అంది. వాడు పళ్లెం వదిలేసి అరుగు మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "తాతా, నకరాలంటే ఏంది? అందరు నన్నే అంటరు."

మంచి ప్రశ్న. ఇంక మన అరుగు మీద సభ మొదలైంది. మీరూ జరిగి కూర్చోండి.

ఈ మాట మనింట్లో పుట్టింది కాదు. పారసీ నుంచి ఉర్దూలోకి వచ్చి, ఉర్దూ నుంచి ప్రహరీ గోడ దూకి మన వంటింట్లోకి వచ్చింది. అసలు రూపం నఖ్రా. ఆ 'ఖ'ని గొంతులోంచి గీరినట్టు పలుకుతారు, చేప ముల్లు అడ్డం పడ్డట్టు. మన నాలుకకి ఆ కష్టం ఎందుకు? 'ఖ'ని 'క' చేసేశాం. పక్కపక్కన ఒత్తుకున్న రెండు హల్లుల మధ్య ఒక 'అ'ని కూర్చోబెట్టి చోటు చేశాం. నఖ్రా నకరా అయింది. బక్రా బకరా అయినట్టే. మనం ఇప్పుడు చెప్పుకుంటున్నామే కబుర్లని, ఆ కబురు కూడా ఒకప్పటి ఖబరే. ఇంకో తమాషా చూడండి. నకరాలు ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి. "వాడు ఒక నకరా చేశాడు" అని ఎవరైనా అనగా విన్నారా? వేషాలు, గారాలు, కబుర్లు, నకరాలు. ఒక్కటితో ఆగే రకాలు కావివి.

మొదట్లో దీని అర్థం తిండికి సంబంధించింది కాదు. హొయలు, కులుకు, కావాలని ఉన్నా అక్కర్లేనట్టు నటించడం, అదీ నఖ్రా. మన తెలుగులో దానికి బాగా దగ్గరి మాట బెట్టు. అక్కడి నుంచి ఉత్త నటనకి పాకింది. బడికి ఎగనామం పెట్టడానికి కడుపునొప్పి అంటే "నకరాలు చేస్తున్నాడు" అంటాం. పెళ్లిచూపులకి వెళ్లి ముక్కు పొట్టి, జడ పొట్టి అన్నవాళ్లవీ నకరాలే. ఆఖరికి చలికాలం పొద్దున స్టార్ట్ కాని స్కూటర్ కూడా నకరాలు చేస్తుంది. అన్నింట్లోనూ ఉన్నది ఒకటే, పెట్టింది పుచ్చుకోకపోవడం.

మన దగ్గర ఇంకా మాటలున్నాయి. వంకలు పెట్టడం అంటాం. వంక అంటే వంపు. పేచీ పెట్టడం అంటాం. అదీ పారసీ 'పేచ్' నుంచి వచ్చిందే, పేచ్ అంటే మెలిక. సంక్రాంతికి మన పాతబస్తీ డాబాల మీద పతంగులు ఎగరేస్తూ మాంజాకి మాంజా మెలివేసి పేంచ్ లడాయిస్తారే, అదే పేచ్. చూడండి, తెలుగువాడికీ పారసీవాడికీ ఒకటే తోచింది. తిననని మొరాయించే పిల్లాడిని చూసి వాడు మెలిక అన్నాడు, మనం వంపు అన్నాం. తిన్నగా ఉన్నవాడు పళ్లెంలో పెట్టింది తినేస్తాడు కాబోలు!

ఇదంతా విని మా చిన్నోడు, "మరి నేను నటిస్తలేను తాతా, అది నిజంగనే చేదు" అన్నాడు. అదీ మాట. ఇక్కడి నుంచి మనం నిఘంటువు మూసేసి నాలుక తెరవాలి.

మన నోరు కోటగుమ్మం లాంటిది. నాలుక అక్కడ నిలబడ్డ చౌకీదారు. లోపలికి పోయే ప్రతి ముద్దనీ ఆపి, ఎవరు నువ్వు అని అడుగుతుంది. తీపి అయితే, రా నాయనా అంటుంది, తీపి అంటే బలం కాబట్టి. ఆ తీపిని గుర్తుపట్టడానికి దాని దగ్గర ఉన్న ఏర్పాటు ప్రధానంగా ఒక్కటే. చేదుని పట్టుకోవడానికి మాత్రం దాదాపు 25 రకాల ఏర్పాట్లున్నాయి. చుట్టానికి ఒక తలుపు, దొంగకి పాతిక తాళాలు. ఎందుకంత అనుమానం? చెట్టుకి కాళ్లు లేవు, పారిపోలేదు. పురుగూ పశువూ వచ్చి మేస్తుంటే తన ఒంట్లోనే విషం వండుకుంటుంది. అలాంటి విషాల్లో చాలావాటి రుచి చేదు. అందుకని మనిషి ఒంట్లో ఒక పాత నియమం ఉండిపోయింది. చేదు తగిలిందా, ఉమ్మెయ్.

ఇప్పుడు ఆలోచించండి. చంటిపిల్ల ఏం పెట్టినా మింగుతుంది. రెండేళ్లు వచ్చి, కాళ్లొచ్చి, వాకిట్లోకి పరిగెత్తడం మొదలుపెట్టగానే అదే పిల్ల అన్నింటికీ వద్దంటుంది. నిన్నటిదాకా తిన్న పాలకూర పప్పు ఇవాళ పనికిరాదు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఈ వద్దులు ఎక్కువగా ఉంటాయని పిల్లల తిండి మీద పనిచేసేవాళ్లు చాలామంది గమనించారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. చంకలో ఉన్నన్నాళ్లూ నోట్లోకి పోయేది అమ్మ చేత్తో పెట్టిందే. నడక వచ్చాక పక్కన అమ్మ ఉండదు, పొదల్లో ఎర్రగా నిగనిగలాడే కాయ ఉంటుంది. అప్పుడు 'కొత్తది వద్దు, చేదుది అసలే వద్దు' అనే పిల్ల బతికి బట్టకట్టింది. మా చిన్నోడు కాకరకాయకి మూతి ముడిచినప్పుడు అడవిలో తిరిగిన వాడి ముత్తాతల ముత్తాత ఎవరో లోపల నిలబడి "ఆగు" అంటున్నాడన్నమాట. అది బహదూర్‌పురా అని, అడవి జూపార్కు గోడ అవతలే ఆగిపోయిందని ఆ ముసలాయనకి తెలియదు పాపం.

మా ఇంటావిడకి ఆ ముసలాయన్ని బోల్తా కొట్టించే కిటుకులు తెలుసు. కాకరకాయ చక్రాలు కోసి, ఉప్పు రాసి, అరగంట పక్కన పెడుతుంది. ఉప్పు నీటిని లాగుతుంది కదా, ముక్కల్లోంచి నీరు ఊరుతుంది, దాంతో కొంత చేదూ దిగుతుంది. గట్టిగా పిండి పారబోస్తుంది. ఇక్కడితో అయిపోలేదు. ముక్కకి పట్టిన ఉప్పు నాలుక మీద కూడా పనిచేస్తుంది, చేదు కబురు లోపలికి చేరకుండా గొంతు తగ్గిస్తుంది. దీన్ని 1997లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పరీక్షించి ప్రకటించారు. ఆపైన చింతపండు, బెల్లం వేసి పులుసు పెట్టిందంటే చౌకీదారు కళ్లకి గంతలే. మా ఇంటావిడకి ఈ కబురు చెప్తే, "ఇందుకు అమెరికాదాకా పోవాల్నా, మా అమ్మని అడిగితే చెప్పేది కదా" అంది.

ఇంకో సంగతి. మీ నాలుకా నా నాలుకా ఒకటి కావు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఏదో పొడిని సీసాలో పోస్తుంటే అది కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్నాయన "అబ్బ, ఎంత చేదు" అని ముఖం చిట్లించాడు. ఫాక్స్ మాత్రం, నాకేం తెలియడం లేదే అన్నాడు. ఇద్దరూ వాదించుకుని, ఆ పొడిని నేరుగా నాలుక మీద వేసుకుని చూశారు. ఒకరికి విషంలా చేదు, ఇంకొకరికి సుద్దముక్క. తర్వాత చాలామంది నాలుకల మీద పరీక్షలు చేస్తే తేలిందేమిటంటే, కొందరికి ఆ చేదు పుట్టుకతోనే తెలియదు, అది వంశంలో వచ్చే గుణం. 2003లో ఆ తేడా ఏ జన్యువులో ఉందో కూడా దొరికింది. క్యాబేజీ, ఆవాల జాతి కూరల్లో ఆ పొడికి చుట్టాలైన పదార్థాలు ఉంటాయి. కాబట్టి మీ ఇంట్లో ఒక పిల్లకి క్యాబేజీ చేదు, ఇంకో పిల్లకి కమ్మన అయితే, ఇద్దరూ నిజమే చెప్తున్నారేమో! ఒకే పళ్లెం, రెండు కూరలు.

నాలుకల తేడా బాగా తెలియాలంటే మాత్రం మా పక్కన ఉన్న జూకే పోవాలి. నెహ్రూ జూలాజికల్ పార్క్ అని బోర్డు మీద ఉంటుంది గాని ఎవరం అలా అనం, జూపార్కు అంటాం. 1963 అక్టోబరు 6న తెరిచారు, 380 ఎకరాలు. వెనకాల మీర్ ఆలం చెరువు. ఆ చెరువు కట్ట కూడా చూడదగ్గదే. మామూలు కట్టలా తిన్నగా ఉండదు, 21 కమానులు పక్కపక్కన పడుకోబెట్టినట్టు ఉంటుంది, నీటి బరువుని వంపులతో మోస్తుంది. రెండు వందల ఏళ్లు దాటినా నిలబడే ఉంది. వంక పెట్టడం అంటే అన్నిసార్లూ చెడ్డపని కాదని ఆ కట్ట కట్టినవాళ్లకి తెలుసు. సరే, దారి తప్పాను.

పోయిన వేసవిలో చిన్నోడిని తీసుకుని జూకి వెళ్లాను. తెల్లపులి నీడలో కాళ్లు చాపుకుని పడుకుంది. వాడు చాలాసేపు చూసి, "తాతా, దానికి ఖుబానీ కా మీఠా పెడ్తే తింటదా?" అని అడిగాడు. ముందురోజే ఖాలా వాళ్లింట్లో దావత్, వాడు ఆ ఆప్రికాట్ మిఠాయి మూడు గిన్నెలు లాగించాడు. లోకంలో అంతకంటే గొప్ప తిండి ఉంటుందని వాడికి నమ్మకం లేదు.

తినదు. పెద్దపులికి తీపి తెలియదు! నేను పరిహాసానికి చెప్పడం లేదు. 2005లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు పిల్లి జాతి జన్యువులని వెతికారు. తీపిని పట్టే తాళం రెండు ముక్కలు కలిస్తే తయారవుతుంది. పిల్లుల్లో అందులో ఒక ముక్క చేసే జన్యువు ఎప్పుడో చెడిపోయి మూలపడింది. ఇంటి పిల్లిలో చూశారు, పెద్దపులిలో చూశారు, చీతాలో చూశారు. అన్నింట్లోనూ అంతే. వేల తరాలుగా మాంసమే తినేవాళ్లకి తీపితో పనేముంది? వాడని తాళం తుప్పు పట్టింది. మన వీధి పిల్లి పాలగిన్నె నాకుతుంది కదా అంటారు. అది పాలలోని కొవ్వు కోసం, చక్కెర కోసం కాదు. ఖుబానీ కా మీఠా పెడితే పులి వాసన చూసి, పైనున్న మలాయి నాకి, పండు వదిలేస్తుంది కాబోలు. చూసినవాళ్లం, పులికి ఎన్ని నకరాలో అనుకుంటాం.

అక్కడి నుంచి రామచిలుకల దగ్గరికి. ఇది మీరంతా ఇంట్లో చూసిందే. మనం నోట్లో పెట్టుకుంటే ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు కారే పండుమిరపకాయని చిలుక ఎంచక్కా జామపండు కొరికినట్టు కొరుకుతుంది. దానికంత ఓపికా? ఓపిక కాదు, దానికి మంటే లేదు. మిరపలో కారం అనే పదార్థం అసలు రుచే కాదు, మోసం. మన నోట్లో వేడి తగిలితే గంట కొట్టే తలుపు ఒకటుంది. కారం పోయి ఆ గంట కొడుతుంది. నోరు కాలుతోందని మెదడు హడలిపోతుంది, నిజానికి ఏమీ కాలడం లేదు. ఆ తలుపుని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. 2002లో ఆయన, ఇంకొకాయన కలిసి కోడిలోని అదే తలుపుని చూస్తే, వేడికి తెరుచుకుంటోంది గాని కారానికి కదలడం లేదు. మిరపచెట్టు లెక్క బాగుంది చూడండి. పళ్లున్న జంతువు తింటే గింజని నమిలి పిండి చేస్తుంది. పక్షికి పళ్లుండవు, గింజని మింగి ఎక్కడో దూరంగా రెట్టలో వేస్తుంది, అక్కడ మొక్క లేస్తుంది. కాబట్టి జంతువు నోరు మండాలి, పక్షి నోరు మండకూడదు. మన రామచిలుక మాత్రం ముక్కుతో గింజనే పగలగొట్టి తింటుంది, చెట్టుకి ఏ సాయమూ చెయ్యదు. పిలవని పెళ్లికి వచ్చి తిని పోయే రకం. ఆ మంటని కొని తెచ్చుకుని మరీ మామిడి తొక్కులో కలుపుకునే మనిషి గురించి మిరపచెట్టు ఏమనుకుంటుందో!

జంతువుల్లో నకరాలకి పట్టం కట్టాలంటే నేను మేకకి కడతాను. మేక ఏదైనా తింటుంది, కాగితాలు కూడా తింటుంది అని ఊరికే పేరు పడింది. బక్రీద్‌కి వారం రోజుల ముందు ఖాలా వాళ్లు మేకపోతుని తెచ్చి గుమ్మం ముందు కట్టేస్తారు. సందులో పిల్లలంతా దానికి మర్యాదలు చేసేవాళ్లే. ఒకసారి చిన్నోడు ఆకుల కొమ్మ ఒకటి తెచ్చి దాని ముందు నేల మీద పడేశాడు. మేక చూసింది, ముక్కుతో నెట్టింది, ముఖం తిప్పుకుంది. అదే కొమ్మని గోడకున్న మేకుకి తగిలిస్తే ముందుకాళ్లు ఎత్తి నిలబడి తినేసింది. ఖాలా నవ్వి, "దేఖో ఇస్కే నఖ్రే" అంది. నకరాలు కావు, లెక్క. బర్రె నాలుక చాపి గడ్డిని దుబ్బు దుబ్బుగా చుట్టి లాక్కుంటుంది, ఏరుకోదు, పెద్ద పొట్టలో అంతా కలిపి మగ్గబెడుతుంది. మేక పెదవి వేళ్లలాగా పనిచేస్తుంది. ముళ్ల మధ్య నుంచి లేత ఆకు ఒక్కటే తెంపుతుంది. తొక్కిన ఆకు, మట్టి అంటిన ఆకు దానికి పనికిరాదు. కింద పడ్డదాంట్లో పేడ ఉంటుంది, పేడలో పురుగుల గుడ్లుంటాయి. మా ఇంటావిడ బెండకాయ కొస విరిచే పద్ధతీ, మేక పెదవి పద్ధతీ ఒకటేనని నాకు అనిపించింది. అనిపించినవన్నీ ఇంట్లో చెప్పకూడదు.

ఎలుక సంగతి చెప్పి తీరాలి. బేగంబజార్ గోదాముల్లో సరుకు దాచుకునేవాళ్లని అడగండి, ఎలుక ఎంత అనుమానపు పక్షో చెప్తారు. కొత్త తిండి పెడితే మొదటి రోజు ముట్టదు. తర్వాత గింజంత కొరికి వెళ్లిపోతుంది. ఒంట్లో ఏమీ తేడా రాలేదనిపిస్తే రేపు ఇంకొంచెం తింటుంది. దానికి ఈ జాగ్రత్త ఎందుకంటే, ఎలుక వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిందా, పోయిందే. అందుకే వెంటనే చంపే మందులు పాతకాలంలో పెద్దగా పారలేదు. కొంచెం తిని కడుపు తిప్పిన ఎలుక మళ్లీ ఆ వైపు చూసేది కాదు. నాలుగైదు రోజులకి గాని పనిచేయని మందులు వచ్చాకే మనిషికి కాస్త పైచెయ్యి అయింది. ఏ తిండి వల్ల అయిందో ఎలుకకి అంతుపట్టదు కదా.

1955లో అమెరికాలో జాన్ గార్సియా అనే ఆయన ఎలుకలకి తియ్యటి నీళ్లు తాగించి, అదే సమయంలో ఒంట్లో వికారం పుట్టేలా కిరణాలు పట్టించాడు. వికారం కిరణాల వల్లే. ఎలుకలు మాత్రం నేరం తియ్యటి నీళ్ల మీద మోపాయి. ఒక్కసారికే ఆ నీళ్లంటే అసహ్యం పుట్టింది. ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకంటే నేనూ అలాంటి ఎలుకనే.

నా పాతికేళ్ల వయసులో ఒక వలీమాకి, అంటే పెళ్లి విందుకి వెళ్లి కద్దూ కీ ఖీర్ తిన్నాను. సొరకాయ తురుము, పాలు, సగ్గుబియ్యం వేసి పచ్చగా చేస్తారే, అది. రెండు గిన్నెలు తిన్నాను. ఆ రాత్రి నాకు చలిజ్వరం వచ్చి, తెల్లవార్లూ వాంతులు. అప్పటికే ఇంట్లో ఇద్దరికి అదే జ్వరం, అంటే ఖీర్ ఏ పాపమూ ఎరగదు. తిన్నవాళ్లంతా హాయిగా ఉన్నారు. నాకు తెలుసు, నా బుర్రకి తెలుసు. నా కడుపుకి తెలియదు. అప్పటి నుంచి ఆ పచ్చరంగు కనిపిస్తే గొంతులో ఏదో పైకి వస్తుంది. ఖాలా ప్రతి పండక్కీ గిన్నె పంపుతుంది, నేను ప్రతిసారీ షుగర్ అనో, కడుపు నిండిందనో అంటాను. ఆమె మొహమాటానికి ఊరుకుంటుంది. వెనకాల ఏమంటుందో మీకు చెప్పక్కర్లేదు కదా.

అన్నింటికంటే ముచ్చటైనది పట్టుపురుగు కథ. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, ఆ చుట్టుపక్కల మల్బరీ తోటలు పెంచే రైతుని అడగండి. పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప ఇంకోటి ముట్టదు. ఆకలితో చస్తుంది గాని ముట్టదు. ఆకలి రుచెరగదు అనే సామెత పట్టుపురుగు వినలేదు. దానికి మల్బరీ అంటే అంత ప్రేమ అనుకుంటాం. 2019లో చైనా శాస్త్రవేత్తలు ఆ పురుగు నోటి దగ్గర ఉండే చేదు తాళాల్లో ఒకే ఒక్కదాన్ని, జీఆర్66 అని దాని పేరు, జన్యువులోంచి తీసేశారు. అంతే, ఆ పురుగులు మల్బరీతో పాటు పండ్లూ గింజలూ కూడా తినడం మొదలుపెట్టాయి. అంటే ఇన్నాళ్లూ మల్బరీ మీద ప్రేమ అనుకున్నది నిజానికి మిగతా అన్నింటి మీదా ఉన్న 'వద్దు'. నూటొక్క తలుపులు మూసేస్తే మిగిలిన ఒక్క తలుపే మల్బరీ. పోచంపల్లి పట్టుచీర కట్టుకున్న ప్రతిసారీ మా కోడలు ఒక పురుగు నకరాలని కట్టుకుంటోందని నాకు అనిపిస్తుంది. ఇది మాత్రం ఆమెకి చెప్పాను. "మామయ్యా, మీ కొడుక్కి చెప్పండి, ఇంకొకటి కొనమని" అంది.

ఇంక నఖ్రా మొదటి అర్థం మిగిలిపోయింది, హొయలు, బెట్టు. దానికి గిజిగాడు ఉన్నాడు. పక్షుల సలీం అలీ పేరు విన్నారు కదా. ఆయన 1931లో మన నిజాం రాజ్యం పక్షుల సర్వేకి దిగి అడవులూ చెరువులూ తిరిగారు. దానికి కొంచెం ముందే బొంబాయి దగ్గరి సముద్రతీర పల్లెలో గిజిగాళ్ల కాపురాలని గంటలకొద్దీ కూర్చుని చూశారు. మగపక్షి గడ్డిపోచలు చీల్చుకొచ్చి ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో, నీళ్ల మీదికి వంగిన కొమ్మకో గూడు అల్లుతుంది. పూర్తిగా అల్లదు. సగం అల్లి, బోర్లించిన టోపీలా ఉండగా ఆపి, రెక్కలు కొట్టి అరుస్తుంది. ఆడపక్షులు వస్తాయి. ఒకతె లోపలికి దూరుతుంది, పోచ పట్టి గుంజుతుంది, అటూ ఇటూ చూస్తుంది, తుర్రుమని ఎగిరిపోతుంది. ఇంకొకతె వస్తుంది. మళ్లీ అంతే. ఎవరికో ఒకరికి నచ్చితే అప్పుడు మిగతా సగం, కింద గొట్టంతో సహా, కట్టడం మొదలు. ఎవరికీ నచ్చకపోతే ఆ సగం గూడు ఎండి అలాగే వేలాడుతుంది. తర్వాత వచ్చిన పరిశోధకులు ఇంకాస్త లోతుగా చూస్తే, ఆడపక్షి అల్లిక అందం కంటే చోటునే ఎక్కువగా చూస్తుందని తేలింది. ఎత్తు ఎంత, పాము ఎక్కగలదా, కింద నీళ్లున్నాయా. మన పెళ్లిచూపుల పెద్దలకంటే దానికే బుద్ధి ఎక్కువ ఉన్నట్టుంది. అది బెట్టు చేస్తుంటే మగపక్షికి ఎలా ఉంటుందో గాని, గుడ్లు మాత్రం దాని బెట్టు వల్లే పిల్లలవుతాయి.

"మరైతే నేను కాకరకాయ తినొద్దా?" అన్నాడు మా చిన్నోడు. వాడికి నా కబుర్లన్నీ తీర్పులాగా వినిపించాయి. వెధవ, వకీలయ్యే లక్షణాలున్నాయి.

తినాలి, కానీ తొందరలేదు. పిల్లల నాలుక ఎలుక లాంటిదే. కొత్తదాన్ని ఒక్కసారి చూసి ఒప్పుకోదు. ఎనిమిది, పది, కొందరికి పదిహేను సార్లు కొంచెం కొంచెంగా, బలవంతం లేకుండా నోటికి తగిలితే, దీనివల్ల నాకేం కాలేదే అని అలవాటు పడుతుంది. అమ్మలు మూడోసారికే "వీడికి ఇది పడదు" అని మానేస్తారు, నాన్నలు మొదటిసారికే ముక్కు మూసి కుక్కుతారు. రెండూ పనిచేయవు. కుక్కితే ఆ ఏడుపూ కాకరకాయా కలిసిపోయి, నా ఖీర్ లాగా యావజ్జీవం గుర్తుండిపోతుంది. అసలు ఈ అలవాటు పొట్టలో ఉన్నప్పుడే మొదలవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు క్యారట్ రసం తాగిన తల్లుల పిల్లలు తర్వాత క్యారట్ కలిపిన గుజ్జుకి ముఖం తక్కువ చిట్లించారని 2001లో అమెరికా పరిశోధన ఒకటి చెప్పింది. మనింట్లో పిల్లలు గోంగూరకి పేచీ పెట్టకపోవడం ఊరికే కాదు. పిల్ల బక్కచిక్కిపోతూ, అన్నిటికీ వద్దంటే మాత్రం అది నకరాల లెక్క కాదు, దవాఖానాకి తీసుకెళ్లాల్సిందే.

చిన్నోడు కాసేపు ఆలోచించాడు. "పదిహేను సార్లా?" అన్నాడు. అవునన్నాను. "మరి నువ్వు ఖీర్ ఎన్నిసార్లు తిన్నవ్ తాతా, జొరమొచ్చినంక?"

నేను జవాబు చెప్పేలోపు వాడు లోపలికి పోయి సుద్దముక్క తెచ్చాడు. అరుగు పక్క గోడ మీద రెండు గడులు గీశాడు. ఒకటి వాడిది, ఒకటి నాది. వాడు బియ్యపుగింజంత కాకరకాయ ముక్క నాలుక చివర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎలుకలాగా ఆగి చూసి, మింగి, తన గడిలో ఒక గీత పెట్టుకున్నాడు. ఇది జరిగి మూడు వారాలు. వాడి గడిలో ఇప్పటికి తొమ్మిది గీతలున్నాయి. నా గడిలో ఒకటి, అదీ చెంచా కొసతో. ఎల్లుండి ఖాలా వాళ్లింట్లో నిశ్చితార్థం, వంటల్లో ఏముందో చిన్నోడు అప్పుడే కనుక్కుని వచ్చాడు.